రెసోర్తే మైదానం

ఎడమవైపు గోడ మీద, పసుపు స్తంభం పక్కన, తెల్లటి అంకెలు వేశారు. బ్యాటు పట్టినవాడు నిలబడే హోమ్ ప్లేట్ నుంచి అక్కడికి ఎన్ని అడుగులో చెప్పే అంకెలవి. ఎలొదియా బర్రాగన్ మూడో బేస్ వెనక మెట్ల మీద ఒక మోకాలు ఆనించి, ఆ అంకెలు స్పష్టంగా కనబడేదాకా కెమెరా దించలేదు. అరవై దాటిన మోకాలు కాంక్రీటు మీద ఊరుకుంటుందా, చురుక్కుమంది. ఆవిడ పట్టించుకోలేదు. ఇంటికెళ్ళగానే ఈ ఫోటో పేజీలోకి ఎక్కాలి.

మొదటి బేస్‌బాల్ ఆటకు ఇంకా వారం ఉందనగా క్లబ్బువాళ్ళు గేట్లు తెరిచి, చుట్టుపక్కల పేటలవాళ్ళను వచ్చి చూసుకొమ్మన్నారు. శాన్ లుసెరోలో సగం ఊరు వచ్చింది. కుర్చీలు మడిచి చూసేవాళ్ళు కొందరు, గడ్డి తాకబోయి కాపలావాడి చేత చీవాట్లు తినేవాళ్ళు కొందరు. ఎలొదియా మాత్రం వరసలు లెక్కపెట్టుకుంటూ, నీడ ఏ గోడ మీద పడుతోందో చూసుకుంటూ తిరిగింది. ఇంటర్నెట్‌లో అందరూ కలిసి రాసే విజ్ఞాన సర్వస్వంలో ఈ స్టేడియానికి ఒక పేజీ ఉంది. దాన్ని పుట్టించింది ఆవిడే. ఇక్కడ మేకులు పాతి తాళ్ళు కట్టిన నాటి నుంచి ఫ్లైఓవర్ మీద కారు ఆపి, వెనకవాళ్ళు హారన్లు మోగిస్తున్నా వినిపించుకోకుండా ఫోటోలు తీసింది. పునాది ఎప్పుడు పడింది, దీపాల స్తంభాలు ఎప్పుడు లేచాయి, ఆ సంగతి ఏ పత్రికలో వచ్చింది, అన్నీ ఆ పేజీలో ఉన్నాయి. రాసేది "లిమొనార్" అన్న మారుపేరుతో. తను పనిచేసే కోర్టులో పక్క కుర్చీవాళ్ళకు కూడా ఆ లిమొనార్ ఈవిడేనని తెలియదు. తెలిసిన మనిషి చాయో పిన్ని ఒక్కతే. ఆవిడకేమో ఆ సర్వస్వమంటే ఏమిటో తెలియదు.

పేజీ పేరు మొదట "శాన్ లుసెరో కొత్త స్టేడియం" అని ఉండేది. తర్వాత పరుపుల కంపెనీ ఒకటి డబ్బు కట్టి తన పేరు పెట్టే హక్కు కొనుక్కుంది, మెలోడేల్ పార్క్ అని. పత్రికల్లో ఆ పేరు పడేదాకా ఆగి, పడ్డాక ఎలొదియా తన చేత్తోనే పేజీకి ఆ పేరు మార్చింది. నచ్చి కాదు, పద్ధతి అది. పక్కనే ఉన్న లా లిమొనేరా, ఒకప్పటి నిమ్మతోటల కూలీల పేటలో మాత్రం ఎవరూ మెలోడేల్ అనరు. స్టేడియం గోడలు లేవకముందు నుంచీ వాళ్ళకు ఆ చోటు ఎల్ రెసోర్తే. స్ప్రింగు అని దానర్థం.

కెమెరా సంచిలో పెట్టుకుంటుండగా టోపీ పెట్టుకున్న క్లబ్బు కుర్రాడు ఒక గుంపును వెంటేసుకుని వచ్చాడు. చేతులు చాచి చూపిస్తూ, ఈ నేల ఏళ్ళ తరబడి ఎవరికీ పట్టకుండా పడి ఉందనీ, పనికిరాని ఖాళీ స్థలాన్ని తాము ఊరికి కానుకగా ఇచ్చామనీ పాఠం ఒప్పజెప్పినట్టు చెప్పాడు. రెయిలింగు పక్కన కూర్చున్న చాయో పిన్ని చేతికర్రతో నేల మీద ఒకటి కొట్టింది.

"ఖాళీ స్థలమా? మరి నా పన్ను ఎక్కడ ఊడిందట, వీడి తాతగారి పెరట్లోనా?" అంది స్పానిష్‌లో.

కుర్రాడికి స్పానిష్ రాదు. నవ్వుమొహంతో ఎలొదియా వైపు తిరిగి, పెద్దావిడ ఏమంటున్నారని మర్యాదగా అడిగాడు. గుంపంతా ఇటే చూసింది.

ఇరవై ఏళ్ళకు పైగా ఎలొదియా బతుకంతా ఆ ఒక్క ప్రశ్నకు జవాబు చెప్పడమే. జిల్లా కోర్టులో దుబాసీ ఆవిడ. దొంగ అన్న మాటైనా, తాగుబోతు తిట్టిన తిట్టైనా, ఉన్నది ఉన్నట్టు చెప్పడం తప్ప ఎరగదు. అలాంటి మనిషికి ఆ క్షణాన ఏం పుట్టిందో, "చాలా బాగుందంటోంది," అంది ఇంగ్లీషులో.

కుర్రాడు సంతోషించి ముందుకు సాగిపోయాడు. పిన్నికి ఇంగ్లీషు మాట్లాడటం రాదు గానీ, ఆ ముక్క అర్థం కానంత రాకా కాదు. కారెక్కాక ఎలొదియా బెల్టు పెట్టబోతే చేయి తోసేసి తనే పెట్టుకుంది. లా లిమొనేరా సందులోకి మలుపు తిరిగాక అంది.

"కోర్టులో హంతకుడి మాటైనా పొల్లు పోనివ్వనంటావు కదే. నా మాట మింగేశావ్."

"అంతమంది ముందు గొడవెందుకని పిన్నీ."

"గొడవెవడు పెట్టుకున్నాడు? పన్ను గురించి అడిగాను."

ఎలొదియా పిన్నిని గుమ్మం దగ్గర దించేసింది. ఇంటికొచ్చి కంప్యూటరు తెరిస్తే అసలు మంట అక్కడ రగులుకుంది. పేజీలో చరిత్ర అన్న భాగంలో కొత్తగా ఒక వాక్యం చేరింది. "ఎంతో కాలంగా ఉపయోగంలో లేని ఖాళీ స్థలంలో ఈ స్టేడియాన్ని నిర్మించారు." పక్కనే ఆధారం: నగరపాలక సంస్థ ప్రకటన, దాన్ని ఉన్నదున్నట్టు అచ్చేసిన ఒక పత్రిక. ఎవరో ఊరూ పేరూ తెలియని మనిషి, దుర్బుద్ధి ఏమీ లేకుండానే, అన్నీ సక్రమంగా కూర్చి పెట్టాడు. తప్పు పట్టడానికి ఒక్క కామా కూడా లేదు.

ఆధారం లేని మాట ఎవరు రాసినా నిమిషంలో తీసేసే ఎలొదియా, టకటకా రాసేసింది: "ఫ్రీవే రోడ్డు పనుల కోసం నగరం స్వాధీనం చేసుకునే వరకు ఇది లా లిమొనేరా ప్రజల బేస్‌బాల్ మైదానం. దీన్ని ఎల్ రెసోర్తే అనేవారు." కింద ఆధారం పెట్టాల్సిన చోటు ఖాళీగా వదిలేసింది. పెట్టడానికి ఏముంది గనక? ఆ రోజుల్లో ఊళ్ళో పెద్ద పత్రిక నిమ్మతోటల కూలీల ఆటను పట్టించుకున్న పాపాన పోలేదు. పట్టించుకున్న స్పానిష్ వారపత్రిక మూతబడింది, దాని ప్రతులు గ్రంథాలయంలోనూ లేవు.

కాఫీ పెట్టుకుని వచ్చేసరికి ఆ వాక్యం పోయింది. తీసేసింది గస్. వాడుకరి పేరు గ్రాండ్‌స్టాండ్ గస్. ఎక్కడో ఒహాయోలో ఉంటాడు. వాడి మొహం ఎలా ఉంటుందో ఆవిడకు తెలియదు గానీ, పదేళ్ళ కిందట చేయి పట్టుకుని పద్ధతులన్నీ నేర్పింది మాత్రం తనే. రాసేవాళ్ళు తమలో తాము మాట్లాడుకునే చర్చా పేజీలో వినయంగా ఒక ముక్క రాసి పెట్టాడు: "లిమొనార్ గారూ, నేను కొత్తగా వచ్చినప్పుడు మా ఊరి స్టేడియం గురించి మా నాన్న చెప్పింది రాస్తే మీరు తీసేశారు. 'మనకు తెలిసింది కాదు, అచ్చయింది మాత్రమే' అన్నారు. ఆ రోజు బాధపడ్డాను. తర్వాత అది సరైన మాటే అనిపించింది. క్షమించండి."

తాను తవ్విన గోతిలో తానే పడటమంటే ఇదే. ఎలొదియా ఆ ముక్కను రెండుసార్లు చదివింది. తిట్టడానికి వాడు ఒక్క సందు కూడా ఇవ్వలేదు.

*

మర్నాడు కోర్టులో ఒక ముసలాయన సాక్ష్యం. ప్రహరీ గోడ తగాదా. ఎలొదియా ఆయన పక్కన కుర్చీ వేసుకుని, ఆయన పెదవులు కదలడం ఆగీ ఆగకముందే ఇంగ్లీషులో అందుకుంటోంది. సాక్షి "నేను" అంటే ఈవిడా "నేను" అనాలి. "ఆయన అంటున్నాడు" అనకూడదు. మాట ఆయనది, గొంతు ఈవిడది.

"నేను అక్కడే ఉన్నాను. కళ్ళారా చూశాను. ఆ గోడ కట్టకముందు అక్కడ దానిమ్మ చెట్టుండేది," అంది ఎలొదియా, ఆయన బదులు.

కాగితం ఏదైనా ఉందా అని అవతలి లాయరు అడిగాడు. చెట్టుకు కాగితం ఎవరిస్తారని ముసలాయన అన్నాడు. జడ్జి నవ్వు ఆపుకుని, సాక్షి చూసింది చూసినట్టు రాసుకొమ్మన్నాడు. ఎలొదియాకు ఎక్కడో గుచ్చుకుంది. ఇక్కడ కళ్ళారా చూసిన మనిషి మాట నిలబడుతోంది. తన సొంత పేజీలో తన మాట పూచికపుల్ల పాటి చేయలేదు.

విరామంలో వరండాలో కొరిన్ ఎంగ్ ఎదురైంది. ఊరి పత్రికకు కోర్టు వార్తలు రాసే పిల్ల. ఎప్పుడూ జుట్టులో పెన్ను దోపుకుని తిరుగుతుంది. మొదటి ఆట రోజు ప్రత్యేక పేజీలు వేస్తున్నారట. అందరూ గడ్డి, దీపాలు, పరుపుల కంపెనీ అని రాసిందే రాస్తున్నారనీ, స్టేడియం చుట్టుపక్కల మనుషులు ఎవరైనా మాట్లాడితే బాగుండుననీ అంది. తెలిసినవాళ్ళుంటే చెప్పమంది.

చెప్పడానికి నోరు తెరిచి ఎలొదియా ఆగిపోయింది. పిన్ని పేరు చెప్పొచ్చు. కానీ పిన్ని ఒక్కతి చెప్తే, ముసలావిడ ఏదో కలగలిపి మాట్లాడిందని నాలుగు వాక్యాల్లో తేల్చేస్తారు. చిన్నప్పుడు ఆ మైదానంలో తిరిగిన వాళ్ళలో తనకు తెలిసి ఈ ఊళ్ళో మిగిలింది ఇంకెవరు, తను తప్ప? పత్రికలో తన పేరు పడిందా, ఆ పేజీతో తనకు చెల్లు. తన గురించి ఉన్న విషయాన్ని తనే రాసుకోకూడదన్నది ఆ సర్వస్వంలో మొదటి మర్యాద. క్లబ్బు ప్రచారం మనిషి మారుపేరుతో వచ్చి పేజీలో పొగడ్తలు గుప్పిస్తుంటే, ఆ మర్యాద చూపించే కదా తను తరిమికొట్టింది. ఇప్పుడు తనకో న్యాయం, వాడికో న్యాయం అంటే ఎవరు ఊరుకుంటారు, గస్ ఊరుకుంటాడా?

మేకులు పాతిన నాటి నుంచి పెంచిన పేజీ. మంచి పేజీ అని దాని నెత్తిన చుక్క గుర్తు పెట్టించుకోవడానికి ఇంకో నెల పని మిగిలుందంతే. కన్నబిడ్డను పెళ్ళి ముందు వేరేవాళ్ళ చేతిలో పెట్టి రమ్మన్నట్టుంది.

ఆలోచించి చెప్తానని కొరిన్‌తో అంది. మధ్యాహ్నమంతా మనసు మనసులో లేదు. సాయంత్రం బల్ల సర్దుకుంటుంటే పిన్ని అన్న మాట మళ్ళీ చెవిలో పడింది. నా మాట మింగేశావ్. సంచి భుజానికి తగిలించుకుని, మెట్లు దిగుతూనే కొరిన్‌కు ఫోన్ చేసి, రేపు పొద్దున మా పిన్ని ఇంటికి రమ్మంది.

*

చాయో పిన్ని వంటిల్లు ఇరుకు. పొయ్యి మీద చిక్కుడు గింజలు ఉడుకుతున్నాయి. కొరిన్ వస్తూ రొట్టెల దుకాణం నుంచి తీపి బన్నులు తెచ్చింది. అది చూసి పిన్నికి ఆ పిల్ల మీద గురి కుదిరింది. దాల్చినచెక్క వేసిన కాఫీ ఇచ్చి, ఎదురుగా కూర్చోబెట్టుకుంది. ఎలొదియా అలవాటు ప్రకారం ఇద్దరికీ మధ్య, కాస్త వెనగ్గా కుర్చీ జరుపుకుని కూర్చుంది.

పిన్ని మొదలుపెట్టింది. ఎలొదియా అందుకుంది. ఆదివారం పొద్దున చర్చిలో పూజ కాగానే మగవాళ్ళ ఆట, అంతకుముందు రోజు ఆడవాళ్ళ ఆట. నేను రెండో బేస్ కాచేదాన్ని. మా అక్క అంపారో బంతి విసిరేది. వారమంతా మేకలు తొక్కిన నేల, రాళ్ళూ రప్పలూ. బంతి ఎటు లేస్తుందో దేవుడికే ఎరుక. ఒకసారి లేచి నా పన్ను పట్టుకుపోయింది. ఆ పన్ను అక్కడే ఉంది, తవ్వుకుంటే ఇవాళైనా దొరుకుతుంది.

కొరిన్ నవ్వింది. పిన్ని పెదవి ఎత్తి, సందు చూపించింది.

"అప్పుడు మా అక్క ఏం చేసిందనుకున్నావ్," అంది ఎలొదియా, పిన్ని గొంతుతో. "ఇంటికెళ్ళి తన పెళ్ళి మంచం విప్పేసింది. పరుపు కింద ఇనుప స్ప్రింగుల చట్రం ఉంటుంది చూడు, దాన్ని ఊడదీసి, గొలుసుతో మా బావ లారీ వెనక కట్టింది. ఆట మధ్యలో దాన్ని నేలంతా ఈడ్పించేది. నేల దువ్వినట్టయ్యేది. ఆ తర్వాత మా అక్కా బావా బతికినన్నాళ్ళూ పరుపు నేల మీదే పరుచుకుని పడుకున్నారు."

అమ్మ పరుపు నేల మీద ఉండటం ఎలొదియా చిన్నప్పటి నుంచీ చూసిందే. ఎందుకని ఎన్నడూ అడగలేదు. బీదతనం అనుకుంది.

అందుకే ఆ మైదానానికి స్ప్రింగు పేరు వచ్చిందని పిన్ని చెప్పింది. ఇప్పుడు పరుపులవాడు వచ్చి తన పేరు పెట్టుకున్నాడట, చెట్టు పేరు చెప్పి కాయలమ్ముకోవడం అందరికీ వచ్చు, కనీసం చెట్టు ఎవరిదో చెప్పాలి కదా అంది. ఉత్త చట్రమైతే నేల మీద ఎగిరెగిరి పడేది. బరువు కావాలి. అందుకని లారీ కదిలేముందు అందరూ "పెసో, పెసో" అని అరిచేవాళ్ళు. బరువు, బరువు అని. అరుపు వినగానే పిల్లలు ఎక్కడున్నా పరిగెత్తుకొచ్చి చట్రం మీద ఎక్కి కూర్చునేవాళ్ళు.

"పిల్లలంటే ఎవరు? ఇప్పుడెవరైనా ఉన్నారా?" అని కొరిన్ అడిగింది.

పిన్ని ఉడుకుతున్న గింజలను ఒకసారి కలిపి, గరిటె పక్కన పెట్టి, ఎలొదియా వైపు చూసి ఊరుకుంది. దుబాసీకి అనువదించడానికి ఏమీ మిగల్లేదు. కొరిన్ పెన్ను ఎత్తి పట్టుకుని ఎదురుచూస్తోంది.

"నేను కుడివైపు మూల కూర్చునేదాన్ని," అంది ఎలొదియా. "స్ప్రింగుల మధ్య వేళ్ళు దూర్చకూడదని అమ్మ ఒకటే చెప్పేది. దుమ్ము కళ్ళలో పడకుండా మొహం మోకాళ్ళలో దాచుకునేదాన్ని. దిగాక వెనక్కి తిరిగి చూస్తే నేల అంతా సన్నటి గీతలు. ఆ గీతలు నేనే గీశానని గర్వంగా ఉండేది. ఒక ఆదివారం వెళితే కంచె వేసి ఉంది. లోపల నగరంవాళ్ళ తారు పీపాలు. అమ్మ కంచె పట్టుకుని కాసేపు నిలబడి, పదండి పిల్లలూ అంది."

కొరిన్ రాస్తూ రాస్తూ ఆగింది. పొద్దుటి నుంచీ నేను, నేను అని వింటున్న పిల్లకు ఎక్కడో మలుపు తప్పింది.

"ఈ 'నేను' అన్నది... పెద్దావిడేనా?"

"కాదు. నేనే. ఎలొదియా బర్రాగన్. అంపారో కూతుర్ని."

పేరు వేసుకోవచ్చా అని కొరిన్ అడిగింది. ఎలొదియా చేతుల్లో కాఫీ కప్పు చల్లారిపోయింది. వేసుకో అంది. పిన్ని ఒక బన్ను తుంచి, పెద్ద ముక్క ఎలొదియా ముందు పెట్టింది. రెండు రోజుల తర్వాత అదే మొదటి రాజీ.

*

మొదటి ఆట రోజు పొద్దున పత్రిక వచ్చింది. లోపలి పేజీలో సగం. కొరిన్ ఊరికే రాయలేదు. పేటలో ఇంకో ఇద్దరు ముసలివాళ్ళను పట్టుకుంది. నగరపాలక సంస్థను కూడా అడిగింది. అక్కడ అప్పట్లో ఒక ఆటస్థలం ఉండేదన్నది నిజమేనని వాళ్ళు మింగలేక కక్కలేక ఒప్పుకున్నారు. ఎలొదియా చదివి, కాగితం మడిచి, కంప్యూటరు ముందు కూర్చుంది.

తనే ఎక్కించుకోవచ్చు. ఒక్క నొక్కు. లిమొనార్ ఎవరో ఎవరికీ తెలియదు కదా. దానికి బదులు చర్చా పేజీ తెరిచి రాసింది: "ఇవాళ్టి పత్రికలో పేరున్న ఎలొదియా బర్రాగన్ నేనే. ఈ స్థలం మా అమ్మ ఆడిన స్థలం. అందుచేత ఈ పేజీలో ఇకమీదట నేను ఒక్క అక్షరం ముట్టుకోను. ఉన్నవాళ్ళు చూసుకోండి." పంపేసింది. దిగులు అనుకున్నంత రాలేదు. లేచి స్నానానికి వెళ్ళింది.

మధ్యాహ్నానికి స్టేడియం నిండింది. లా లిమొనేరా వాళ్ళంతా కుడివైపు చవక టికెట్ల వరసల్లో కుదురుకున్నారు. వేరుశనగ పొట్టు అప్పుడే కాళ్ళ కింద కరకరలాడుతోంది. చాయో పిన్ని పెద్ద అంచు టోపీ పెట్టుకుని, చేతికర్రను రెండు మోకాళ్ళ మధ్య నిలబెట్టుకుని, ఊరి జట్టు రెండో బేస్ కుర్రాణ్ణి తీర్పు తీర్చినట్టు చూస్తోంది. నడుము వంగడం లేదట వాడికి. ముందు వరసలో ఎవరో వెనక్కి తిరిగి, పేపర్లో చూశాం అంపారో కూతురా, మా నాన్న కూడా ఆ చట్రం మీద కూర్చున్నవాడే అని పలకరించారు. ఇంకొకావిడ ఏమీ అనకుండా ఎలొదియా భుజం నొక్కి వెళ్ళింది.

మూడో ఇన్నింగ్స్‌లో ఫోన్ కదిలింది. ఎలొదియా కళ్ళద్దాలు సర్దుకుని చూసింది. గస్ పని మొదలుపెట్టాడు. ఖాళీ స్థలం వాక్యం లేదు. దాని చోట, ఎవరేం చెప్పారో, నగరం ఏది ఒప్పుకుందో తూకం వేసినట్టు రాసి, పైన మొదటి వరసలోనే ఒక ముక్క చేర్చాడు. మెలోడేల్ పార్క్, స్థానికుల వాడుకలో ఎల్ రెసోర్తే. ఒక్క పొగడ్త లేదు, ఒక్క కన్నీటి బొట్టు లేదు. తను రాసి ఉంటే ఇంత నిబ్బరంగా రాసేది కాదు. వీడికి నేర్పింది నేనే అని ఎలొదియా మురిసిపోయింది.

"ఏముందే అందులో? చదువు," అంది పిన్ని.

చదివింది, స్పానిష్‌లోకి మారుస్తూ, ఒక్క మాట మింగకుండా. పిన్ని చెవి దగ్గరగా పెట్టి వింది.

"నీ పేరేదీ?"

"అట్టడుగున. ఆధారాల వరసలో, చిన్న అక్షరాల్లో. పద్నాలుగో అంకె పక్కన."

"అంత కిందా?"

"అక్కడే ఉండాలి పిన్నీ. దాని మీదే పైనున్న వాక్యం నిలబడింది."

"నా పన్ను?"

"పన్ను రాయలేదు."

"చేతగాని వాడు," అని పిన్ని ఆటలోకి తిరిగింది.

చర్చా పేజీలో గస్ ఇంకో ముక్క కూడా పెట్టాడు. మీ అమ్మగారి గురించి ఇప్పుడు అచ్చయింది, అందుకే రాశానన్నాడు. కింద మళ్ళీ: "ఆట మధ్యలో నేల చదును చేస్తుండగా తీసిన ఫోటో పేజీలో లేదు. మాట చెల్లకపోయినా, సొంతంగా తీసిన ఫోటో ఎవరిదైనా చెల్లుతుందని మీరే నేర్పారు. ఇవాళ మీరు అక్కడే ఉంటే, ఒకటి తీసి పంపండి. నేనే ఎక్కిస్తాను."

ఎలొదియా సంచిలోంచి కెమెరా తీసి, మెడలో వేసుకుని, అంతా సరిచూసుకుంది.

ఐదో ఇన్నింగ్స్ అయ్యాక పాట మోగింది. ఒకే రంగు చొక్కాల్లో నలుగురు మనుషులు నేల చదును చేసే ఇనుప వలలు ఈడ్చుకుంటూ ఎర్రమట్టి మీదకు వచ్చారు. పెద్ద తెర మీద పరుపుల ప్రకటన తిరుగుతోంది. జనం లేచి కాఫీలకూ మొక్కజొన్న కంకులకూ బయల్దేరారు. పిన్ని కళ్ళు చిట్లించి ఆ వలలను చూసింది.

"వెనక బరువు లేదు. అంచులు ఎగురుతున్నాయ్ చూడు," అంది.

చేతికర్ర మీద రెండు చేతులూ ఆనించి లేచి నిలబడింది. ఎనభై దాటిన గొంతు, మొదట బొంగురుగా వచ్చింది.

"పెసో!"

ముందు వరసవాళ్ళు తిరిగి చూశారు. ఎవరో పెద్దాయన నవ్వి, అందుకున్నాడు. పొద్దున పేపరు చదివిన వాళ్ళు ఆ వరసల్లో చాలామందే ఉన్నట్టున్నారు. ఇటు నలుగురు, అటు పదిమంది, పెసో, పెసో అంటూ కాళ్ళతో కాంక్రీటు మీద తాళం వేశారు. అర్థం తెలియని వాళ్ళు పక్కవాళ్ళను అడిగి తెలుసుకుని మరీ అరిచారు. అరుపు కుడివైపు వరసలు దాటి హోమ్ ప్లేట్ వెనక ఖరీదైన కుర్చీల దాకా పాకింది. వలలు లాగుతున్న వాళ్ళలో ఒకడు ఆగి, చేయి కళ్ళకు అడ్డం పెట్టుకుని ఇటు చూశాడు. వాడికి ఏం తోచిందో, టోపీ తీసి ఊపి, మళ్ళీ వల అందుకున్నాడు. వాడి వెనక మట్టి మీద సన్నటి గీతలు పడుతున్నాయి.

ఎలొదియా ఎప్పుడు లేచిందో తనకే తెలియదు. రెయిలింగు రెండు చేతులతో పట్టుకుని, గొంతు చించుకుని అరుస్తోంది. ఎవరి తరఫునా కాదు, ఎవరికీ అనువాదం కాదు. కళ్ళలోంచి కారుతున్నది తుడుచుకోవాలని కూడా అనిపించలేదు. ఈ నేల మా అమ్మ దువ్వింది, నేను కూర్చుంటే దువ్వింది అని ఒళ్ళంతా చెప్తోంది.

పాట ఆగింది. వలలు చుట్టుకుని మనుషులు లోపలికి వెళ్ళిపోయారు. జనం నవ్వుకుంటూ కూర్చున్నారు. పిన్ని ఆయాసంతో కూలబడి, టోపీ తీసి విసురుకుంటూ అడిగింది.

"ఫోటో తీశావా?"

ఎలొదియా మెడలో వేలాడుతున్న కెమెరా వైపు చూసుకుంది. దాని కంటి మీద మూత అలాగే ఉంది.

"లేదు."

"పోనీలే," అంది పిన్ని. "రేపూ ఆట ఉందిగా."